విల్లు కొనే ముందు పిల్లాడి చేతులు కొలవండి



ఈ పేజీలో నేను ఎప్పుడూ స్పెల్లింగుల గురించో, ఇంట్లో ఇంగ్లిష్ పుస్తకాలు చదివించడం గురించో రాస్తుంటాను. ఈ నెల ఒక విల్లు గురించి రాస్తున్నాను. ఇంగ్లిష్ టీచర్‌కి విల్లుతో పనేంటి అని అడగొచ్చు. డిగ్రీ చదివే రోజుల్లో మూడేళ్లు ఆర్చరీ చేశాను. పెద్దగా గెలిచిందేమీ లేదు, జిల్లా స్థాయి దాటలేదు. కానీ మన బ్రాంచ్‌లో ఆర్చరీ నేర్చుకునే పిల్లలు ఆరుగురు ఉన్నారు. కోచ్ దగ్గరికి, పోటీలకి వాళ్లతో వెళ్లే బాధ్యత ఆ పాత పరిచయం వల్లే నాకు వచ్చింది.

ఇది నేను చేసిన ఒక తప్పు గురించి కూడా. ఆ బాబు, వాళ్ల నాన్నగారు ఇద్దరూ రాయమన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

రెండేళ్ల క్రితం, వేసవి సెలవుల తర్వాత జరిగిన మొదటి పేరెంట్స్ మీటింగ్. ఎనిమిదో తరగతి బాబు, వాళ్ల నాన్నగారు ఒక పొడవాటి నల్ల పెట్టెతో స్టాఫ్ రూమ్‌కి వచ్చారు. "మేడమ్, మా బామ్మర్ది టెక్సస్ నుంచి తెచ్చాడు. మీకు ఆర్చరీ తెలుసంట కదా. వీణ్ని స్కూల్ గేమ్స్‌కి రెడీ చేయండి" అన్నారు. పెట్టె తెరిస్తే కాంపౌండ్ విల్లు. రెండు కొసల్లో చక్రాలు, ఒళ్లంతా ఎండుటాకుల రంగు డిజైన్. పక్కన ఆరు బాణాలు. వాటి మొనలు చూసి నాకు గుండె ఝల్లుమంది. ఒక్కో మొనకి మూడు బ్లేడ్లు. అవి జింకని పడగొట్టడానికి చేసినవి. ఆ బాబు మేనమామ అక్కడ లైసెన్సు తీసుకుని సీజన్‌లో వేటకి వెళ్తాడట. కొత్త విల్లు కొనుక్కుని పాతది మేనల్లుడికి ఇచ్చాడు. ప్రేమగానే ఇచ్చాడు.

బ్లేడ్ మొనలు అప్పటికప్పుడే తీయించి, ప్యాక్ చేసి వాళ్ల నాన్నగారి చేతికే ఇచ్చాను. అంతవరకు సరిగ్గానే చేశాను. తర్వాత బాబు మొహం చూశాను. కళ్లు మెరిసిపోతున్నాయి. "బరువు కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది సార్, చూద్దాం" అనేశాను. తప్పు అక్కడ జరిగింది.

వేట విల్లు, పోటీ విల్లు

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. అందుకని మనలో చాలామందికి విల్లు అంటే విల్లే, అన్నీ ఒకటే. కాదు. అమెరికాలో హోలిస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన 1960లలో చక్రాల విల్లు తయారుచేసినప్పుడు దాన్ని ముందుగా అందుకున్నది వేటగాళ్లే. ప్రపంచ ఆర్చరీ ఛాంపియన్‌షిప్‌లో దానికి చోటు దొరికింది 1995లో, జకార్తాలో. ఇప్పుడు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ ఈవెంట్ వస్తోంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది ఈ కాంపౌండ్ విల్లుతోనే. కాబట్టి ఆ నాన్నగారి ఆశలో తప్పేమీ లేదు.

కానీ రెండింటి పని వేరు. వేటగాడు గంటల తరబడి కదలకుండా కూర్చుని ఒక్క బాణం వేస్తాడు. ఆ ఒక్కటీ బలంగా దిగాలి. చెట్ల కొమ్మల మధ్య అడ్డం రాకుండా విల్లు పొట్టిగా ఉండాలి. పోటీలో 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల టార్గెట్ ఉంటుంది. మధ్యలో 10 పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు, అంటే టీ సాసర్ కంటే చిన్నది. అక్కడికి ఒక బాణం కాదు, 72 బాణాలు వేయాలి. మొదటిది ఎలా వేశారో డెబ్బై రెండోది కూడా అలాగే వేయాలి. అందుకే పోటీ విల్లు పొడవుగా, నిలకడగా ఉంటుంది. లాగే బరువు కూడా ఆర్చర్ రోజంతా మోయగలిగినంతే పెట్టుకుంటారు.

మామయ్య విల్లు బరువు 70 పౌండ్లు, అంటే దాదాపు 32 కిలోలు. అప్పుడు ఆ బాబు బరువు 42 కిలోలు. ఈ లెక్క నేను ఆ రోజు వేయలేదు. ప్రపంచ ఆర్చరీ నిబంధనల ప్రకారం కాంపౌండ్‌లో పెద్దవాళ్లకే గరిష్ఠ పరిమితి 60 పౌండ్లు. 60 పౌండ్లతో 72 బాణాలు వేస్తే ఆ రోజు మొత్తం లాగిన బరువు దాదాపు రెండు టన్నులు. ప్రాక్టీస్ బాణాలు దీనికి అదనం.

"చక్రాల విల్లులో పూర్తిగా లాగాక బరువు తగ్గిపోతుంది కదా" అని తెలిసినవాళ్లు అంటారు. నిజమే. 80 శాతం దాకా తగ్గే విల్లులున్నాయి. 70 పౌండ్ల విల్లు పూర్తిగా లాగాక చేతిలో 14 పౌండ్లే ఉంటుంది. కానీ అక్కడికి చేరేలోపు ఆ 70 పౌండ్ల గుట్ట ఎక్కాల్సిందే. ప్రతి బాణానికీ ఎక్కాలి.

నోట్ బుక్ చెప్పిన సంగతి

లింబ్ బోల్టులు వదులు చేసి 60 పౌండ్లకి దించాం. ఆ విల్లులో అంతకంటే దిగదు. బోల్టులు ఇంకా వదిలితే లింబ్స్ ఊడి మొహానికి తగలొచ్చు. బాబు ఎలాగో లాగాడు. ఎలా అంటే, విల్లుని ఆకాశం వైపు ఎత్తి, నడుము వెనక్కి విరిచి, ఒళ్లంతా వేలాడేసి లాగాడు. అది చూసిన రోజే ఆపాల్సింది. "అలవాటవుతుందిలే" అనుకున్నాను.

మూడో వారం డిక్టేషన్ పుస్తకాలు దిద్దుతున్నాను. ఆ బాబు రాత గుండ్రంగా ఉండేది. ఆ రోజు పేజీలో లైన్లన్నీ కుడివైపుకి జారిపోతున్నాయి. సగం పదాలు పూర్తికాలేదు. పిలిచి అడిగాను. "ఏం లేదు మేడమ్" అన్నాడు. చెయ్యి పైకెత్తమన్నాను. భుజం దాటి లేవలేదు. అప్పుడు చెప్పాడు: "రెండు వారాల నుంచి నొప్పిగా ఉంది మేడమ్. మామయ్య అంత ఖర్చుపెట్టి తెచ్చాడు కదా, ఇంట్లో చెప్పలేదు."

డాక్టర్ భుజం కండరాలు బాగా ఒత్తిడికి గురయ్యాయన్నారు. ఆరు వారాలు విశ్రాంతి. అదృష్టం కొద్దీ అంతటితో పోయింది. ఆ మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. విల్లు ఖరీదు ఎంతో నాకు తెలియదు. ఆ ఖరీదుని పద్నాలుగేళ్లు నిండని పిల్లాడు భుజం మీద మోశాడు, నోరు విప్పకుండా. వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "వాడు మాకు భయపడ్డాడా మేడమ్?" అని మాత్రం అడిగారు.

మనం ఫీజు కడతాం, కోచింగ్‌లో చేర్పిస్తాం, టాబ్ కొంటాం, క్రికెట్ కిట్ కొంటాం. "నీకోసం ఎంత ఖర్చు పెడుతున్నామో తెలుసా" అన్న మాట మనం పైకి అనకపోయినా పిల్లలకి వినిపిస్తూనే ఉంటుంది. వస్తువు ఎంత ఖరీదైనదైతే, అది తనకి సరిపోవడం లేదని చెప్పడం పిల్లాడికి అంత కష్టం. ఈ నెల నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

ముందు తయారవ్వాల్సింది విల్లు కాదు

ఆరు వారాల తర్వాత కోచ్ ముందు టేపు తీశారు. చేతులు రెండూ బారచాపమని, ఒక చేతి మధ్యవేలి కొస నుంచి రెండో చేతి మధ్యవేలి కొస దాకా కొలిచారు. 155 సెంటీమీటర్లు. దాన్ని రెండున్నరతో భాగిస్తే ఎంత పొడవు లాగాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 62 సెంటీమీటర్లు, అంటే ఇరవై నాలుగున్నర అంగుళాలు. మామయ్య విల్లు కనీసం 27 అంగుళాలు లాగాలి. అంటే బరువొక్కటే కాదు, పొడవు కూడా ఆ పిల్లాడిది కాదు. ఈ కొలత మొదటి రోజే చేసి ఉంటే మూడు నిమిషాల పని.

విల్లుని పెట్టెలో పెట్టి అటక మీద పెట్టించాం. బాబు చేతికి వెదురు విల్లు వచ్చింది. మన జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. వెదురు విల్లు, వెదురు బాణాలు. చక్రాలు ఉండవు, స్కోప్ ఉండదు. ఖర్చు చాలా తక్కువ. మొదట్లో మొహం ముడుచుకున్నాడు. "ఇది చిన్నపిల్లలది మేడమ్" అన్నాడు. అప్పుడు వాడికి లింబారామ్ గురించి చెప్పాను.

రాజస్థాన్ ఉదయపూర్ ప్రాంతంలో అహారీ తెగ కుర్రాడు. చిన్నతనంలో వెదురు విల్లుతో అడవిలో పిట్టల్ని, చిన్న జంతువుల్ని వేటాడేవాడు. 1987లో ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో ఆర్చర్ల కోసం వెతికినప్పుడు ఎంపికయ్యాడు. మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. అతను వేట నుంచి పోటీకి తెచ్చుకున్నది విల్లుని కాదు. కన్ను, ఓపిక తెచ్చుకున్నాడు. విల్లు మారింది, మనిషి మిగిలాడు. మన నల్లమల చెంచుల పిల్లలకి కూడా వెదురు విల్లు పరాయి వస్తువు కాదు. దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని మనకేం ఉంది?

ఏడాదిన్నర వెదురు విల్లుతో గడిచింది. నిలబడటం, భుజం కిందికి ఉంచడం, వెన్ను కండరాలతో లాగడం, వదిలాక కూడా చెయ్యి కదలకుండా ఉంచడం. ఇందులో ఏదీ డబ్బుతో కొనేది కాదు.

అటక దిగిన విల్లు

ఈ జనవరిలో మళ్లీ టేపు తీశాం. 172 సెంటీమీటర్లు. రెండున్నరతో భాగిస్తే 27 అంగుళాలు దాటింది. పెట్టె కిందికి దిగింది. వేట విల్లుని పోటీకి ఎలా మార్చారో కొంచెం వివరంగా రాస్తాను. విదేశాల్లో బంధువులున్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తుంది.

మొదట లింబ్స్. 70 పౌండ్లవి తీసేసి, అదే కంపెనీ చేసే 50 పౌండ్ల లింబ్స్ తెప్పించారు. వాటిని కూడా 40కి దించి మొదలుపెట్టారు. పైది, కిందిది సమానంగా తిప్పాలి, ఎన్ని తిప్పులో రాసిపెట్టుకోవాలి. లింబ్స్ మార్చడం ఇంట్లో చేసే పని కాదు. కాంపౌండ్ విల్లు స్ట్రింగ్ తీయాలంటే ప్రెస్ అనే యంత్రం కావాలి. అది ఉన్న షాపులోనే చేయించాలి.

తర్వాత గురి చూసే సైట్. వేట సైట్‌లో ఐదు పిన్నులు ఉంటాయి. జంతువు ఎంత దూరంలో నిలబడుతుందో ముందే తెలియదు కాబట్టి ఒక్కో దూరానికి ఒక్కో పిన్ను. పోటీలో దూరం ముందే తెలుసు. ఐదు చుక్కల్లో ఏది చూడాలో తికమక పడటం కంటే ఒకే చుక్క, పెద్దదిగా చూపే లెన్సు, విల్లు పక్కకి ఒరిగితే చెప్పే నీటిబుడగ ఉన్న స్కోప్ మేలు. లెన్సు కాంపౌండ్ విభాగంలోనే వాడొచ్చు, రికర్వ్‌లో కుదరదు. వేట సైట్‌కి చీకట్లో కనపడటానికి బ్యాటరీ లైటు కూడా ఉంది. విల్లు మీద ఎలక్ట్రానిక్ వస్తువేదీ ఉండకూడదు కాబట్టి అది కూడా పోయింది.

విల్లుకి తగిలించి ఉన్న అంబులపొది తీసేసి నడుముకి కట్టే పొది ఇచ్చారు. ముందువైపున్న పొట్టి స్టెబిలైజర్ స్థానంలో పొడవాటి రాడ్, వెనక పక్కకి ఇంకో చిన్న రాడ్ వచ్చాయి. విల్లు చేతిలో వణకకుండా ఉండటానికి ఇవి. ఆకుల రంగు డిజైన్ దుస్తులకే కాదు, సామగ్రికి కూడా అంతర్జాతీయ పోటీల్లో నిషేధం. రైజర్‌ని విప్పించి నల్ల రంగు కొట్టించారు. బాబుకి ఆ రంగే ఇష్టం. కాస్త బాధపడ్డాడు.

చివరగా బాణాలు. మామయ్య బాణాలు 70 పౌండ్లకి సరిపడేంత గట్టివి. తక్కువ బరువు విల్లుతో వేస్తే పక్కకి కొట్టుకుపోతాయి. బాణం ఎంత వంగుతుందో విల్లు బలానికి తగ్గట్టు ఉండాలి. అందుకే వాడి పొడవుకి కోసిన, కొంచెం మెత్తటి కొత్త బాణాలు కొన్నారు. అన్నీ ఒకేలా ఉండాలి, ప్రతి దాని మీదా పేరో, పొడి అక్షరాలో ఉండాలన్నది నియమం. ఆ అక్షరాలు వాడే రాసుకున్నాడు. ఈసారి రాత గుండ్రంగానే ఉంది.

ఇంత చేసినా అది పూర్తిగా పోటీ విల్లు అయిపోలేదు. వేట విల్లు చక్రం ఇరుసు నుంచి ఇరుసుకి 30, 32 అంగుళాలు ఉంటే పోటీ విల్లు 36 నుంచి 40 దాకా ఉంటుంది. ఆ పొడవు ఎవరూ పెంచలేరు. మార్చడానికి అయిన ఖర్చుతో దాదాపు ఒక మామూలు కొత్త విల్లు వచ్చేదని కోచ్ అన్నారు. "మరి ఎందుకు చేశాం సార్?" అని అడిగాను. "అది వాళ్ల మామయ్య విల్లు కదమ్మా" అన్నారు. నేను మళ్లీ ఏమీ అడగలేదు.

ఇప్పుడు పదో తరగతి

ఆ బాబు ఇప్పుడు పదో తరగతి. జూన్‌లో వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "ఈ ఏడాది ఆపేద్దామా మేడమ్? అందరూ అదే అంటున్నారు." చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ఉంది. ఆట ఏదైనా కావచ్చు, డాన్స్ కావచ్చు, వీణ కావచ్చు.

ఆర్చరీ చేస్తే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. అలా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని కూడా చెప్పను. ఆ ఆశతో మొదలుపెడితే విల్లు మళ్లీ 70 పౌండ్లు అవుతుంది. నేను చెప్పేది ఒక్కటే. రెండేళ్లు పట్టి కట్టుకున్న బలం పది నెలలు పక్కన పెడితే చాలావరకు కరిగిపోతుంది. వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర చొప్పున. డిసెంబర్ వరకు అలా, ఆ తర్వాత పరీక్షలయ్యేదాకా ఆదివారం ఒక్కరోజు. దూరపు పోటీలు ఈ ఏడాదికి వద్దు. ఇదీ మేం ముగ్గురం కూర్చుని అనుకున్నది. ముగ్గురంటే నేను, నాన్నగారు, బాబు. బాబు కూడా ఉన్నాడు.

మన స్కూల్లో పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్ ఉంది. ఆ మూడు రోజులు వాడికి మినహాయింపు కావాలని ప్రిన్సిపల్ గారిని అడిగాను. ఆ టర్మ్ మార్కులు చూసి కొనసాగిద్దామన్న షరతు మీద ఒప్పుకున్నారు. షరతు న్యాయమైనదే. కానీ ఇది ఒక్క బాబుకి దొరికిన మినహాయింపుగా మిగిలిపోకూడదని నా కోరిక. ఏదైనా ఒకదాన్ని రెండేళ్లుగా మానకుండా చేస్తున్న పిల్లలకి పదో తరగతిలో కూడా వారానికి కొన్ని గంటలు ఉండాలి. ఒప్పుకోని తల్లిదండ్రులు ఉంటారని తెలుసు. వచ్చే మీటింగ్‌లో నాతో వాదించండి, నేను ఎదురుచూస్తుంటాను.

మీ ఇంట్లో విల్లు ఉంటే

ముందు పిల్లల చేతులు బారచాపించి కొలవండి, రెండున్నరతో భాగించండి. విల్లు ఆ పొడవుకి రాకపోతే ఆగండి, పిల్లలు పెరుగుతారు.

విల్లుని నేరుగా టార్గెట్ ఎత్తులో ఉంచి, ఒళ్లు వంచకుండా లాగగలగాలి. ఆకాశం వైపు ఎత్తి లాగుతుంటే బరువు ఎక్కువైనట్టే.

బాణం పెట్టకుండా స్ట్రింగ్ లాగి వదలనివ్వకండి. ఆ దెబ్బకి లింబ్స్ పగలొచ్చు, పిల్లలకి గాయం కావచ్చు. ఇంటికొచ్చిన చుట్టాలకి చూపించేటప్పుడు కూడా వద్దు.

బ్లేడ్ మొనలు ఉంటే తీసేసి పిల్లలకి అందకుండా పెట్టండి. పోటీలకి మామూలు మొనలే.

మేడ మీద, వీధిలో ప్రాక్టీస్ వద్దు. కోచ్ ఉన్న రేంజ్‌లోనే.

వారానికోసారి భోజనాల దగ్గర అడగండి: "భుజం ఎలా ఉంది?" నొప్పిగా ఉందని చెబితే, విల్లు ఖరీదు గుర్తుచేయకండి.

మొన్న శనివారం రేంజ్ నుంచి వస్తుంటే ఆ బాబు తనంతట తానే చెప్పాడు: "మేడమ్, ఇవాళ ముప్పై బాణాలకే ఆపేశాను. భుజం కొంచెం పట్టేసింది." స్కోరు ఎంతో నేను అడగలేదు. వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. ఆయన చాలా సంతోషించారు.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం